నలభై నూతుల మేష్టారు

మా అమ్మ మధ్యాహ్నం ఫోన్ చేసి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. "మజ్జిగ కూడా పోసుకున్నావా?" అంది. పోసుకున్నానన్నాను. అప్పుడు చెప్పింది, మేష్టారు పొద్దున్నే పోయారని. కబురు తనకి తొమ్మిదింటికే తెలిసిందట. వింటే నేనెక్కడ పస్తుంటానో అని అంతసేపూ ఆ మాట కడుపులో దాచుకుని కూర్చుంది. మా కోనసీమ మనుషుల మర్యాద ఇలా ఉంటుంది. ఆ మర్యాద వల్ల ఎంత సుఖమో, ఒక్కోసారి అంత చిక్కు.

మేష్టారంటే అమలాపురంలో మాకు డిగ్రీలో కెమిస్ట్రీ చెప్పిన మేష్టారు. పొట్టి మనిషి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాసుకోడానికి, రెండోది పెన్ను మర్చిపోయి వచ్చేవాళ్ళకి. కుడిచేతి వేళ్ళ చివర నల్లటి మచ్చలుండేవి. సిల్వర్ నైట్రేట్ అనే మందు పడితే చర్మం అలా నల్లబడుతుంది, సబ్బుకి వదలదు. పెళ్ళి భోజనాల్లో పక్కవాళ్ళు ఆ చెయ్యి చూసి, "మీరూ వంటవాళ్ళతో పాటు పొయ్యి దగ్గర కూర్చున్నారేవిటండీ?" అని వేళాకోళం చేసేవాళ్ళు. "ఆయ్, రోజూ కూర్చుంటానండి. నేను వండేది వట్టి నీళ్ళేనండి," అనేవారాయన.

అందరినీ అండీ అనే పిలిచేవారు. క్లాసుకి పావుగంట ఆలస్యంగా వెళ్ళినా తిట్టేవారు కాదు. "వచ్చేరు కదా, అదే పదివేలు, కూర్చోండి," అనేవారు. ఆ మాటకన్నా రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండునని మాకనిపించేది. ఎప్పుడైనా మనసు మెత్తబడితే మాత్రం అండీ పోయి "అమ్మా" వచ్చేది. ల్యాబులో గాజు సామాను ఏది ముట్టుకున్నా నీళ్ళతో మూడుసార్లు తొలవాలి. ఆ అలవాటు ఇంటికీ పాకింది. కాఫీ గ్లాసు కూడా మూడుసార్లు తొలిచి గానీ కాఫీ పోయించుకునేవారు కాదు. "నేను తోమిన గ్లాసు మీద ఈయనకి నమ్మకం లేదర్రా!" అని ఆయన భార్య మాతో చాడీలు చెప్పేవారు. ఆవిడని మేం అమ్మగారు అనేవాళ్ళం.

ఒక్క మాట మాత్రం వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. నీళ్ళలో ఉప్పెంతుందో కొలవాలంటే, ముందు ఒక మందు రెండు చుక్కలు వేసి ఆ నీళ్ళని పసుపు పచ్చ చేస్తాం. తర్వాత పైనుంచి సిల్వర్ నైట్రేట్ బొట్టు బొట్టుగా వదులుతాం. ఇటుక రంగు తిరగగానే ఆపి, ఎంత పట్టిందో చూస్తాం. ఎంత ఎక్కువ పడితే నీళ్ళలో అంత ఉప్పన్నమాట. ఇంకా రంగు తిరక్కుండానే, తిరిగిందనుకుని రాసేసే తొందర మాకుండేది. "రంగు మారేదాకా ఆగండి. అది మారకముందే మనం మారిపోకూడదు," అనేవారు.

అలాంటి మనిషికి ఊళ్ళో ఒక ముద్దుపేరుంది. రెండు రిపోర్టుల మేష్టారు. ఒకే ఊరి నీళ్ళకి ఒక నెలలో బాగున్నాయని ఒక రిపోర్టు, బాగోలేవని ఇంకో రిపోర్టు ఇచ్చారని ఆ పేరు. పోయిన మనిషిని గురించి మాట్లాడుకునేటప్పుడు కూడా, "చాలా మంచివారండీ పాపం, ఆ ఒక్క రిపోర్టు సంగతే..." అని సాగదీసినవాళ్ళని నేను విన్నాను. కర్మకాండలయ్యాక ఒక ఆదివారం కాలేజీ హాల్లో సంస్మరణ సభ పెట్టారు. నన్ను కూడా మాట్లాడమన్నారు. ముందురోజు ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఆ రిపోర్టుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తకుండా చూడండి. అమ్మ బాధపడుతుంది," అంది. అలాగేనన్నాను. అన్నానే గానీ, ఆ మాట మీద నిలబడగలనో లేదో తెలియలేదు. ఎందుకంటే ఆ మొదటి రిపోర్టు తప్పవడానికి కారణం నేను. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా బయట ఎవరికీ చెప్పకుండా నోరు మూసుకుని బతికాను. ఆ సభలో చెప్పకపోతే ఆ మచ్చ ఆయన పేరు మీద అలాగే ఉండిపోతుంది.

మీకు మొదటినుంచీ చెబుతాను.

మా ఊరు మలికిపురం దాటాక, సముద్రం వైపు. మా ఊరి మురుగు కాలువకి ఇనప తలుపులున్నాయి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోపలికి తన్నుకు రాకుండా వాటిని దించుతారు. నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా ఆ తలుపులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. నూతుల్లో నీళ్ళు ఉప్పబడ్డాయి. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలు నాటినవి నాటినట్టే మాడిపోయాయి. తాగడానికి ట్యాంకు కుళాయి నీళ్ళున్నాయి కాబట్టి ప్రాణాలు నిలిచాయి గానీ, తోటలకి కుళాయి ఎవరిస్తారు? తలుపులు మార్చమని రైతులు కాలువల ఆఫీసుకి వెళ్తే, నీళ్ళు ఉప్పబడ్డాయనడానికి కాగితం ఏదన్నారట. వాళ్ళు మేష్టారి దగ్గరికి వచ్చారు. ఆయన నన్ను పిలిచారు, మా ఊరే కాబట్టి.

నలభై సీసాలిచ్చారు. "నలభై ఇళ్ళకీ మీరే వెళ్ళండి. మీ చేత్తో తోడండి. ఆ నీళ్ళతోనే సీసా మూడుసార్లు తొలిచి నాలుగోసారి నింపండి," అన్నారు. ఒక కాగితం కూడా ఇచ్చారు. ఇంటివాళ్ళ పేరు, తోడిన వేళ, చివర్న "తోడినవారు" అని ఒక గడి.

మొదటి ఇంటి అరుగు మీదే నా పట్టుదల కరిగిపోయింది. "ఎండలో మీకెందుకండీ ఈ పాట్లు? సీసా ఇక్కడ పెట్టెళ్ళండి, పొద్దున్నకి మేం నింపి ఉంచుతాం కదా," అంది ఆ ఇల్లాలు. నాకు కావలసిందీ అదే. నలభై ఇళ్ళలోనూ సీసాలు పంచేశాను. "మేష్టారు పరీక్ష చేస్తారట" అన్నానే తప్ప ఎందుకో, ఏమిటో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. మా ఇంటి సీసా కూడా మా అమ్మ చేతిలో పెట్టి నిద్రపోయాను. మర్నాడు అన్నీ పోగుచేసి, "తోడినవారు" గడిలో నా పేరు నలభైసార్లు రాసి, బస్సెక్కి అమలాపురం వెళ్ళిపోయాను. ఎంత బడాయి!

రెండు సీసాలు తప్ప అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ రెండిళ్ళూ కాలువ గట్టునే ఉన్నాయి, అందుకే అక్కడ ఉప్పు తగిలిందేమో అనుకున్నారు మేష్టారు. ల్యాబులో ఏదీ నాలిక మీద పెట్టకూడదన్నది ఆయన పెట్టిన నియమమే, అందుకని రుచి చూడలేదు. ఆఫీసులో అందరి ముందూ రిపోర్టు చదివారు, ముప్పై ఎనిమిది నూతుల్లో నీళ్ళు బాగున్నాయని. రైతులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంట్లో ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుని వచ్చినవాళ్ళే అందరూ! ఒక్కరు నోరు విప్పలేదు. బయటికొచ్చాక ఒకాయన నాతో, "మేష్టారు చెప్పేక మనం కాదంటే ఏం బాగుంటుందండీ," అన్నాడు. ఆఫీసువాళ్ళు ఫైలు మూసేశారు.

ఇంటికి రాగానే మా అమ్మ మొహం వెలిగిపోతూ ఎదురొచ్చింది. "మన నీళ్ళు బాగున్నాయన్నారంటగా మేష్టారు! ఎందుకు బాగోవు? కుళాయి నీళ్ళు గుడ్డ వేసి రెండుసార్లు వడగట్టి మరీ పోశాను," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నూతి నీళ్ళు కదే అమ్మా పొయ్యమన్నది!" అన్నాను.

"ఆ ఉప్పు కషాయం మేష్టారికి ఎలా పంపుతామే? గొడ్లకి పోసే నీళ్ళు. మనింటి గురించి ఆయనేవనుకుంటారు?" అంది. సంగతంతా చెప్పాక నెత్తిన చెయ్యి పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. "అయ్యో, అయ్యో, అంత పెద్దమనిషి పరువు తీసేనే!" అని ఒకటే గోల. కాసేపటికి తేరుకుని, "చెప్పకే. నీకు ఎమ్మెస్సీ సీటుకి ఆయన ఉత్తరం రాయాలి కదా. చెబితే రాస్తారా?" అంది. మూడు రోజులు నేనూ అదే లెక్క వేసుకున్నాను. ఊరి కొబ్బరి మొక్కలు ఒక పక్క, నా సీటు ఒక పక్క. సిగ్గులేని మాటే గానీ, మూడు రోజులూ నా సీటే బరువు తూగింది. నాలుగో రోజు పొద్దున్న బస్సు కిటికీలోంచి మాడిన మొక్కల వరసలు చూశాను. ఇంక ఊరుకోలేకపోయాను.

మేష్టారు ఇంటి వరండాలో పేపర్లు దిద్దుతున్నారు. "తోడినవారు దగ్గర రాసింది అబద్ధమండి," అన్నాను. తర్వాత అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఎన్ని నూతులమ్మా?"

"నలభై అండి."

"అన్నీనా?"

"ఆయ్."

"నలభైసార్లు నీ పేరు రాసేవా? చెయ్యి నొప్పెట్టలేదూ?" అన్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరెవరు కుళాయి నీళ్ళు పోశారో ఇంటింటికీ వెళ్ళి కనుక్కొస్తానన్నాను.

"వద్దు. అడిగితే వాళ్ళు మొహమాటపడతారు. నూతినే అడుగుదాం, దానికి మొహమాటం లేదు," అని లోపలికి తిరిగి, "ఏవోయ్, మనింట్లో చేంతాడుందా?" అని కేకేశారు. అమ్మగారు తాడుతో పాటు అరచేతులకి చుట్టుకోమని పాత గుడ్డలు కూడా తెచ్చిపెట్టారు.

యాభై దాటిన మనిషి. మర్నాడు మొదటి బస్సుకి మా ఊరొచ్చి, బకెట్టూ చేంతాడూ భుజాన వేసుకుని రెండు రోజులు నలభై నూతులూ తిరిగారు. తోడతానంటే నన్ను తోడనివ్వలేదు. "మీరు రాయండి. మీకు రాయడం బాగా వచ్చు కదా," అన్నారు. ఆయన నన్ను అన్న దెప్పిపొడుపు ఆ ఒక్కటే. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు తలుపు చాటున నిలబడి చూశారు. కుర్చీ వేశారు, కొబ్బరి బొండాలు కొట్టించారు, "మీకెందుకండీ ఈ కష్టం" అన్నారు. "కష్టమేవుందండీ, నీళ్ళేగా," అని తోడుతూనే ఉన్నారు.

మా ఇంటి నూతి దగ్గర మా అమ్మ తలొంచుకుని నిలబడింది. "దాహంగా ఉందమ్మా, ఈ నీళ్ళే కాసిన్ని ఇవ్వండి," అన్నారు మేష్టారు. "వద్దండీ, ఉప్పగా ఉంటాయండీ," అంది మా అమ్మ. ఆయన దోసిలి పట్టి రెండు గుక్కలు తాగి, "ఆయ్, ఉన్నాయండి," అన్నారు. అంతకన్నా ఒక్క మాట అడగలేదు. ఆయన వెళ్ళాక అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

మళ్ళీ అదే ఆఫీసు, అదే గది. మేష్టారు లేచి నిలబడ్డారు. "మొన్న నేనిచ్చిన కాగితం తప్పండి. నూతి నీళ్ళు ఎవరు, ఎలా పట్టేరో నేను దగ్గరుండి చూసుకోలేదు. ఆ తప్పు నాది. ఇదిగోనండి, ఈ నలభై నేను తోడినవి. నలభై నూతులూ ఉప్పబడ్డాయండి," అన్నారు. అక్కడున్న అధికారి నవ్వాడు. "నెల తిరక్కుండానే నీళ్ళు మాట మార్చేశాయా మేష్టారూ?" అన్నాడు. గది మొత్తం గొల్లుమంది. ఆయన నవ్వులు ఆగేదాకా నిలబడి, "నీళ్ళు మార్చలేదండి, నేనే మార్చేను. అంచేత సంతకం చేసి ఇస్తున్నాను," అన్నారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. లేవలేదు.

తిరుగు బస్సులో అడిగాను, నా పేరెందుకు చెప్పలేదండీ అని.

"సంతకం ఎవరిదమ్మా?"

"మీదండి."

"మరి తప్పెవరిది? నీ సంతకంతో కాగితాలు వెళ్ళే రోజు వస్తుంది కదా. అప్పుడు నీవి నువ్వు చూసుకో," అని కిటికీకి తల ఆనించి నిద్రపోయారు.

ఏడాది తిరిగేలోపు తలుపులు మారాయి. ఇవాళ మా ఊళ్ళో కాపుకొచ్చిన కొబ్బరి చెట్లలో చాలా మట్టుకు ఆ తర్వాత నాటినవే. నా ఎమ్మెస్సీ సీటుకి ఉత్తరమూ రాశారు. ఏం రాశారో చాలా రోజులకి గానీ నా కంటబడలేదు. "ఈ అమ్మాయి తప్పు చేస్తే తనే వచ్చి చెబుతుంది. అంతకన్నా మంచి గుణం నాకు తెలియదు" అని ఉంది. చదివి గర్వపడ్డాను, సిగ్గుతో చచ్చిపోయాను కూడా. చెప్పింది ఆయన ఒక్కరికే కదా, అదీ మూడు రోజులు ఆగి. ఆయన రిటైరైనప్పుడు ఒక సాటి మేష్టారు మైకులో రెండు రిపోర్టుల జోకు వేస్తే హాలంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఇప్పుడు నేను కొత్తపేటలో కెమిస్ట్రీ పాఠం చెబుతున్నాను. నా సంతకంతో కాగితాలు వెళ్తున్నాయి. ఆయన దగ్గర చదువుకున్నానని ఎవరడిగినా తలెత్తుకుని చెబుతాను. అవార్డులు తెచ్చుకున్న మేష్టార్లు చాలామందికి ఉంటారు. నిండు సభలో తప్పు నాదని నిలబడిన మేష్టారు ఎంతమందికి ఉంటారండీ? ఆ గర్వం నాకుంది. మరి అది నిజమైన గర్వమే అయితే నోరు విప్పాలి కదా అనుకుంటూనే సభకి వెళ్ళాను.

హాలు నిండిపోయింది. మా ఊరి నుంచి వ్యాను కట్టించుకుని పాతికమంది వచ్చారు, సగం మంది ఆడవాళ్ళే. మా అమ్మ మోకాళ్ళ నొప్పితోనే వచ్చి మూడో వరసలో కూర్చుంది. అమ్మగారు ముందు వరసలో, తల దించుకుని ఉన్నారు. నా ముందు మాట్లాడినవాళ్ళు ఆయనంత గొప్పవాడు లేడన్నారు, ఏనాడూ పొరపాటన్నది ఎరగరన్నారు. అది వినేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆయన కూతురికి నేనిచ్చిన మాట మైకు దగ్గరే వదిలేశాను.

"మేష్టారు ఒక పొరపాటు చేశారండి, నన్ను నమ్మారు," అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను. సీసాలు, తోడినవారు గడి, నలభైసార్లు రాసిన పేరు, వెనక బెంచీ, రిటైర్మెంటు నాటి నవ్వు. అమ్మ పేరు మాత్రం చెప్పలేదు, మా ఇంట్లో కూడా కుళాయి నీళ్ళే పోశామన్నాను. అమ్మగారు తలెత్తలేదు. చేసింది మంచో చెడో నాకు తెలియలేదు.

అప్పుడు మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. మా అమ్మ ముందు కుర్చీ పట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ లేచి నిలబడింది. జన్మలో సభలో నోరెత్తని మనిషి.

"మేష్టారిది తప్పు కాదండి. ఆ నీళ్ళు పోసింది నేనండి. ఆయనకి ఆ ఉప్పు నీళ్ళు పంపడానికి నాకు చేతులు రాలేదండి," అంది.

నేను మైకు వదిలి అమ్మ వైపు ఒకడుగు వేశాను. ఈలోగా వెనకనుంచి ఇంకో గొంతు, "అదేవిటండీ! నేనొక్కదాన్నే పోసేననుకుని ఇన్నేళ్ళూ కుమిలిపోయేనే!" అంది. ఆవిడ కూడా లేచింది. గోడ పక్కనుంచి మూడో ఆవిడ, "మేవైతే కాచి చల్లార్చి పోసేవండి, ఆయ్," అంది గట్టిగా.

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. ఈసారి నవ్వు ఆయన మీద కాదు. అమ్మగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని కూతురు కంగారుగా వంగి చూసింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ నవ్వుతున్నారు, ఆయన పోయాక మొదటిసారి. మెల్లగా లేచి, వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఎదురుగా మా ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే కుర్చీలు పట్టుకుని లేస్తూనే ఉన్నారు.